అమ్మకుండా ఆగిన మేక

కరువు రోజుల్లో పశువుల సంత చూశారా? అమ్మేవాళ్లు వందల్లో ఉంటారు. కొనేవాళ్లను వేళ్లమీద లెక్కపెట్టొచ్చు. డొక్కలెండిన మేకను తాడుతో పట్టుకుని నిలబడ్డ మనిషి పొద్దున చెప్పిన ధర మధ్యాహ్నానికి సగమవుతుంది. సాయంత్రానికి 'ఎంతో కొంత ఇవ్వు నాయనా, దీన్ని మళ్లీ ఇంటిదాకా నడిపించలేను' అనే దగ్గరికొస్తుంది. అదే సంతలో, అదే రోజు పిండి బస్తా ధర మాత్రం కొండెక్కి కూర్చుంటుంది.

అనంతపురంలోనో పాలమూరులోనో పెరిగినవాళ్లకి ఇదేం కొత్త దృశ్యం కాదు. కానీ ఇప్పుడు చెప్పుకుంటున్న సంత మనది కాదు. కెన్యా ఉత్తరాన, రాజధాని నైరోబీ నుంచి అయిదు వందల కిలోమీటర్లకు పైగా వెళ్తే వచ్చే మార్సబిట్ ప్రాంతానిది. ఏడాదికి రెండు వానాకాలాలు... మార్చి నుంచి మే వరకు ఒకటి, అక్టోబరు నుంచి డిసెంబరు వరకు మరొకటి. రెండూ పడితే పండగ. ఒకటి తప్పితే సర్దుకుంటారు. వరసగా రెండు మూడు తప్పితేనే సంత అలా నిండిపోతుంది.

రెండిల్లే, గాబ్రా, బోరానా, సంబూరు... అక్కడివాళ్లవి ఎక్కువగా పశువుల్ని మేపుకుని బతికే కుటుంబాలు. అలాంటి కుటుంబాన్ని ఒకదాన్ని అనుకుందాం. పేరెందుకు, ఆ నేల మీద వేల ఇళ్ల సంగతి ఇంచుమించు ఇదే. మొగుడూ పెళ్లాం, నలుగురు పిల్లలు, ఓ ముసలి తల్లి. రెండు ఒంటెలు, పాతిక దాకా మేకలు, గొర్రెలు. సెంటు పొలం లేదు. ఉన్నా ఏం పండదు. పుల్లలు వంచి, పైన చాపలూ తోళ్లూ కప్పి ఇల్లాలు కట్టిన గుడిసె వాళ్ల ఇల్లు. అవసరమైతే విప్పి ఒంటె మీద కట్టేసుకుని వెళ్లిపోవచ్చు.

ఎండలు ముదిరితే కుటుంబం రెండు ముక్కలవుతుంది. పెద్ద కొడుకు మందను తోలుకుని మేత ఉన్నచోటికి వెళ్తాడు. ఆ దూరపు మకాంను 'ఫోరా' అంటారు. తల్లి, చిన్నపిల్లలు, ముసలావిడ బోరుబావీ బడీ ఉన్న ఊళ్లోనే ఉండిపోతారు. పిల్లల పాలకోసం నాలుగైదు మేకల్ని, వీలైతే ఒక ఒంటెను ఇంటి దగ్గర ఉంచుకుంటారు. మన పాలమూరు గొల్ల కురుమలు ఎండాకాలంలో మందల్ని తోలుకుని ఆయకట్టు ప్రాంతాలకు పోవడం లాంటిదే ఇది. తేడా ఏమిటంటే, మనవాళ్లు రైతు పొలంలో మంద కడితే ఎరువుకింద ఎంతో కొంత గిట్టుతుంది. అక్కడ మంద కట్టించుకునే రైతే లేడు.

వానలు తప్పాయి. మేకలకు పాలు ఎండిపోయాయి. కొట్టులో అప్పు పెరిగిపోయింది. ఇంట్లో పిండి నిండుకుంది. ఇప్పుడేం చేస్తారు? దూరంగా ఉండి చూసేవాళ్లకి జవాబు చాలా సులువు. 'పాతిక మేకలున్నాయిగా, ఒకటి అమ్ముకోవచ్చుగా' అంటారు. ఆ మాట విన్న తల్లి నవ్వుకుంటుందో ఏడుస్తుందో చెప్పలేం. వానలు బాగా కురిసిన రోజుల్లో ఒక మేకను అమ్మితే రెండు నెలల పిండి వచ్చేదనుకుంటే, ఇప్పుడు రెండు వారాలది కూడా రాదు. పైగా సంతలో అడిగేది ముసలి పోతును కాదు. కాస్తయినా ఒళ్లున్న ఆడమేకను, రేపు ఈనబోయే చూడి మేకను. దాన్ని అమ్మడమంటే రేపటి పాలను, ఎల్లుండి మందను కలిపి అమ్మడం.

అందుకే చాలామంది అమ్మరు. మరేం చేస్తారంటే, ఓ పూట మానేస్తారు. ముందు తల్లి, తర్వాత పెద్దపిల్లలు. మార్సబిట్‌లో 2010 జనవరిలో పశువుల కరువు బీమా మొదలైంది. ఉపగ్రహం పైనుంచి పచ్చదనం చూస్తుంది, అది ఒక గీత కన్నా కిందికి పోతే బీమా కట్టినవాళ్లకు డబ్బు ఇస్తారు. 2011లో తూర్పు ఆఫ్రికాను పట్టి కుదిపిన కరువులో అలా మొదటిసారి డబ్బు చేతికొచ్చింది. ఆ సమయంలో జాన్‌జెన్, కార్టర్ అనే ఆర్థికవేత్తలు ఆ కుటుంబాలను గమనించారు. మంద కాస్త పెద్దగా ఉన్నవాళ్లు ఆ డబ్బుతో పశువుల్ని అమ్మడం తగ్గించారు. మంద చిన్నగా ఉన్నవాళ్లు పూటలు మానడం తగ్గించారు. అంటే, డబ్బు లేనప్పుడు ఉన్నవాళ్లు మేకను వదులుకుంటున్నారు, లేనివాళ్లు అన్నాన్ని వదులుకుంటున్నారు!

లేనివాళ్లు మేకను అంత గట్టిగా పట్టుకోవడం మూర్ఖత్వమేం కాదు. మార్సబిట్‌కు ఉత్తరాన సరిహద్దు దాటితే ఇథియోపియా. అక్కడి బోరానా పశుపోషకుల మందల చరిత్రను పరిశోధకులు ఏళ్ల తరబడి వెనక్కి లెక్కగట్టారు. కుటుంబానికి సుమారు 15 పశువులు... అదొక గట్టులాంటిదని తేలింది. గట్టు మీదున్న కుటుంబం కరువులో కొంత పోగొట్టుకున్నా వలస పోయి, మేపుకుని, మళ్లీ లేచి నిలబడుతోంది. కిందికి జారిందా, వలసపోవడానికే ఆ మంద చాలదు. ఊరి చుట్టూ ఉన్న గడ్డి లేని నేలలోనే తిరిగి తిరిగి ఇంకా చిక్కిపోతుంది. చదువుకోని తల్లికి ఈ లెక్క ఎవరూ చెప్పక్కర్లేదు. ఆర్థికశాస్త్రం 2004లో అచ్చువేసిన సంగతి ఆమెకు వాళ్లమ్మ ఎప్పుడో చెప్పేసి ఉంటుంది.

రెండు నెలలకోసారి...

ఉత్తర కెన్యాకు కరువొస్తే లారీల్లో మొక్కజొన్నలు, పప్పు, నూనె రావడం దశాబ్దాల ఆనవాయితీ. లారీ వస్తే వచ్చినట్టు, లేకపోతే లేదు. కరువు ముదిరి, పేపర్లలో ఫొటోలు పడి, విరాళాలు పోగై, లారీ కదిలేసరికి సగం మంద పోయేది. ఈ పద్ధతి మార్చాలని బ్రిటన్ ప్రభుత్వ సాయంతో కెన్యా ఒక ప్రయత్నం మొదలుపెట్టింది. దాని పేరు హంగర్ సేఫ్టీ నెట్ ప్రోగ్రామ్. టుర్కానా, మార్సబిట్, వజీర్, మండేరా... ఈ నాలుగు ప్రాంతాల్లో నిరుపేద కుటుంబాలకు కరువున్నా లేకపోయినా రెండు నెలలకోసారి నేరుగా డబ్బే ఇవ్వడం. 2009లో తొలి చెల్లింపులు మొదలయ్యాయి. అప్పుడు 2,150 షిల్లింగులు. పెరుగుతూ పెరుగుతూ 2016 నాటికి 5,400 అయింది. అప్పటి మన రూపాయల్లో సుమారు మూడున్నర వేలు. రెండు నెలలకు! సుమారు లక్ష కుటుంబాలకు క్రమం తప్పకుండా ఇవ్వాలన్నది లెక్క.

మన కుటుంబంలో కార్డు ఇల్లాలి పేరనే ఉందనుకుందాం. బ్యాంకు కార్డు, వేలిముద్ర. బ్యాంకు ఎక్కడో ఉంటుంది. డబ్బిచ్చేది మాత్రం ఊళ్లో కొట్టువాడే. అతని దగ్గరున్న చిన్న యంత్రంలో కార్డు పెట్టి, వేలు ఆనిస్తే నోట్లు చేతిలో పెడతాడు. స్వాహిలీలో కొట్టును 'డూకా' అంటారు. మన దుకాణానికి చుట్టమే... అరబ్బు వర్తకులు తీసుకెళ్లిన మాట అటూ చేరింది, ఇటూ చేరింది. ఆ డూకాలో ఆమె కొనే సరుకుల్లో వింతేం లేదు. మన సంకటిలాంటి ఉగాలికి మొక్కజొన్న పిండి. చక్కెర, తేయాకు. కాస్త నూనె. మిగిలితే బడికెళ్లే పిల్లకు నోటుపుస్తకం, మేకలకు మందు.

ఇంత చిన్న మొత్తం ఏం మారుస్తుందని అనిపించడం సహజం. అసలు మార్పు సరుకుల్లో కాదు, కొట్టువాడి పద్దులో కనిపిస్తుంది. కార్డు రాకముందు ఆమె అరువడిగితే 'మీ మేకలు ఫోరాలో ఉన్నాయో, చచ్చాయో నాకేం తెలుసు' అనేవాడు. ఇప్పుడు రెండు నెలలకోసారి డబ్బు తన చేతిమీదుగానే వస్తుందని అతనికి తెలుసు. కాబట్టి అడగకుండానే పద్దు రాస్తాడు. పేదవాళ్లకి అప్పు పుట్టడం మంచిదేనా అని మొహం చిట్లించేవాళ్లుంటారు. నెల మధ్యలో పిల్లకు జ్వరమొస్తే ఆ రాత్రికి కావలసింది పొదుపు గురించి ఉపదేశం కాదు, అరువే.

ఇక రెండో మార్పు. అది కంటికి కనపడదు. ఎందుకంటే అది జరగని పని. సంతకు వెళ్లని మేక!

పిండికి కార్డు డబ్బు సరిపోయిన ఆ రెండు నెలలూ చూడి మేక దొడ్డిలోనే ఉంది. వానలు పడ్డాయి. మేకకు చూడి అయిదు నెలలు. ఈనింది. పాలొచ్చాయి, ముసలావిడ టీలోకి, చిన్నపిల్లవాడి గిన్నెలోకి. రెండేళ్లు తిరిగేసరికి ఆ ఒక్క మేక తల్లీపిల్లా కలిసి మూడో నాలుగో అవుతుంది. ఇందులో డబ్బుతో కొన్నది ఒక్కటీ లేదు. కొన్న మేకయితే ఫొటో తీయొచ్చు, మెడలో దండ వేయొచ్చు, అధికారి పక్కన నిలబడొచ్చు. అమ్మకుండా ఆగిన మేకకు ఆ భోగం లేదు. బహుశా అందుకే నగదు సాయం గురించి మాట్లాడేటప్పుడు దీన్ని ఎవరూ లెక్కలోకి తీసుకోరు.

లెక్కగట్టినవాళ్లూ లేకపోలేదు. పథకం తొలిదశను ఆక్స్‌ఫర్డ్ పాలసీ మేనేజ్‌మెంట్ అనే సంస్థ కొన్నేళ్లపాటు పరిశీలించింది. సరిగ్గా మధ్యలో 2011 కరువొచ్చిపడింది. డబ్బు అందని ఇళ్లతో పోలిస్తే అందిన ఇళ్లు పశువుల్ని నిలుపుకోవడంలో మెరుగ్గా ఉన్నాయి. అప్పు పుట్టడం సులువైంది. వైద్యానికి ఖర్చు పెట్టగలిగారు. అన్నీ మంచి కబుర్లేనా అంటే, కాదు. బడిలో చేరే పిల్లల సంఖ్య పెద్దగా పెరగలేదు. మంద ఉన్న ఇంట్లో కాపరి కావాలి కదా! ఆ పనికి వెళ్లే పిల్లవాడి విషయంలో మూడున్నర వేలు చేసేదేం లేదు.

నలుగురి నోట్లో...

మన దగ్గరా ఎక్కడైనా, చేతికి డబ్బిస్తారనగానే వచ్చే మొదటి మాట ఒకటుంది. 'తాగి తగలేస్తారు.' రచ్చబండ నుంచి సచివాలయం దాకా ఈ విషయంలో భేదాభిప్రాయం ఉండదు. ప్రపంచ బ్యాంకుకు చెందిన డేవిడ్ ఇవాన్స్, అన్నా పొపొవా వివిధ దేశాల్లో జరిగిన అధ్యయనాలన్నీ పోగేసి 2014లో చూశారు. నగదు సాయం వల్ల మద్యం, పొగాకుపై ఖర్చు పెరిగిందనడానికి ఆధారం దొరకలేదు. కెన్యాలోనే విక్టోరియా సరస్సు పక్కన రరియెడా ప్రాంతంలో గివ్‌డైరెక్ట్‌లీ సంస్థ 2011, 2012ల్లో పేద కుటుంబాలకు షరతుల్లేకుండా డబ్బిచ్చింది. అక్కడా అంతే. కొందరికి ఒకేసారి, కొందరికి నెలనెలా ఇచ్చి చూశారు. ఒకేసారి అందుకున్నవాళ్లు గడ్డి కప్పు తీసేసి రేకులు వేయించుకోవడం లాంటి పెద్ద ఖర్చులు పెట్టారు. నెలనెలా అందుకున్నవాళ్ల ఇంట్లో తిండికి కటకట తగ్గింది. ఒకటి గొప్ప, ఒకటి తక్కువ అనడానికి లేదు. మందలు మేపుకునే ఇంటికి కరువు మధ్యలో రేకులకన్నా పిండి ముఖ్యం, అంతే.

తాగరు సరే, దాచుకుంటారా? అదీ లేదు. పంచుతారు! కార్డున్న ఇంటికి కార్డులేని మరదలు వస్తుంది. పక్కగుడిసె ముసలాయన టీవేళకు సరిగ్గా దగ్గుతూ వచ్చి కూర్చుంటాడు. లేదనడం ఉండదు. బోరానాల్లో 'బూసా గొనోఫా' అని పాత కట్టుబాటు ఒకటుంది. కరువుకో దొంగలకో మందను పోగొట్టుకున్నవాడికి వంశస్థులంతా తలా ఒకటి ఇచ్చి మళ్లీ నిలబెడతారు. గాబ్రాల్లోనూ పాలకోసం పశువును అరువిచ్చే ఆనవాయితీ ఉంది. ఈరోజు ఇచ్చినవాడే రేపు చెయ్యి చాచాల్సి రావచ్చు. లక్ష కుటుంబాలకని నైరోబీలో రాసుకున్న లెక్క గుడిసెల మధ్యకొచ్చేసరికి అంతకన్నా చాలామందికి పంపకమవుతుంది. ఎవరికీ పూర్తిగా చాలదు. అర్హుల జాబితా తయారుచేసేవాళ్లకు ఇది తలనొప్పి. ఊరివాళ్లకు కాదు.

ఆకాశంలోంచి చూసేవాడు

2013 తర్వాత ఈ పథకంలో కొత్త ఏర్పాటొకటి చేరింది. నాలుగు ప్రాంతాల్లో దాదాపు అన్ని కుటుంబాల వివరాలూ ముందే రాసుకుని, రెండు నెలలకోసారి డబ్బు అందనివాళ్లకు కూడా ఖాతాలు తెరిచి పెట్టారు. ఎందుకంటే, ఉపగ్రహం పచ్చదనాన్ని చూసి 'ఇక్కడ కరువు తీవ్రం' అంటే ఆ ప్రాంతంలో నాలుగోవంతు కుటుంబాల దాకా, 'అతితీవ్రం' అంటే సగం కుటుంబాల దాకా అదనంగా డబ్బు జమచేస్తారు. 2015 నుంచి అలా ఇచ్చారు. ఇందులో మెచ్చుకోవలసిన తెలివి ఏమిటంటే, ఎవరూ ఎవర్నీ బతిమాలక్కర్లేదు. కలెక్టరు జీపు వచ్చి ఎండిన చెరువు ముందు నిలబడక్కర్లేదు. మండలాన్ని కరువు జాబితాలో చేర్చలేదని ధర్నాలు చేసిన మనవాళ్లకు ఈ సంగతి బాగా అర్థమవుతుంది. కరువును ప్రకటించేసరికి సంతలో మేక ధర పడిపోయే ఉంటుంది. డబ్బు ధర పడకముందు రావాలి. ఆలస్యంగా వచ్చిన పదివేలు సకాలంలో వచ్చిన రెండు వేలకు సాటిరాదు.

వచ్చిందా మరి? ఎప్పుడూ వేళకు వచ్చిందని చెప్పలేం. చెల్లింపులు ఆలస్యమైన సందర్భాలున్నాయి. రాళ్లు మోసి, తాళ్లు పేని అరిగిపోయిన వేలిముద్రను యంత్రం గుర్తుపట్టని రోజులున్నాయి. అప్పుకింద కార్డునే తన దగ్గర పెట్టుకున్న కొట్టువాడు ఉంటాడు. రేషన్ దుకాణం ముందు వేలు తుడుచుకుని తుడుచుకుని పెట్టిన అనుభవం మన ముసలివాళ్లకూ ఉంది కనక వివరించనక్కర్లేదు.

అసలు పరీక్ష 2020 చివర్లో మొదలైంది. ఆ అక్టోబరు వానలు ముఖం చాటేశాయి. తర్వాతి మార్చివీ అంతే. మళ్లీ అక్టోబరు, మళ్లీ మార్చి, మళ్లీ అక్టోబరు... వరసగా అయిదు వానాకాలాలు తప్పాయి. 2022 ముగిసేసరికి కెన్యాలో చచ్చిపోయిన పశువుల సంఖ్య పాతిక లక్షల దాకా చేరింది. ఒంటెలు కూడా పడిపోయాయి. మిగతా పశువులు చేతులెత్తేసిన తర్వాత కూడా పాలిచ్చేది ఒంటె. అదే పడిపోయిందంటే ఇంక చెప్పేదేముంది! నెలకు 2,700 షిల్లింగులు ఆ మందల్ని కాపాడలేకపోయాయి. డబ్బు పిండి తెస్తుంది గానీ వాన తేలేదు. గడ్డి లేనిచోట నోట్లు వేసి మేపలేం కదా. అలాంటి ఏడాదిలో కార్డు చేసే పని ఒక్కటే, పిల్లల పొయ్యి ఆరకుండా చూడటం. మళ్లీ మంద కట్టుకోవడానికి ఇంకేదో కావాలి. ఆ 'ఇంకేదో' దగ్గరే ఏ దేశమైనా తడబడుతోంది.

తెలంగాణలో గొల్ల కురుమలకు 2017లో మొదలైన గొర్రెల పంపిణీ గుర్తుండే ఉంటుంది. ఇరవై గొర్రెలు, ఒక పొట్టేలు కలిపి ఒక యూనిట్. తొలుత 1.25 లక్షల ధర కట్టి, అందులో నాలుగోవంతు లబ్ధిదారు పెట్టుకోవాలన్నారు. గొర్రెల్ని పక్క రాష్ట్రాల నుంచి లారీల్లో తెచ్చారు. ఆశయాన్ని తప్పుపట్టడానికి లేదు. కానీ తెచ్చిన గొర్రెలే చేతులు మారి మళ్లీమళ్లీ లెక్కల్లోకి వస్తున్నాయని ఆరోపణలొచ్చాయి. రవాణా వాహనాలని రాసిన నంబర్లలో ద్విచక్ర వాహనాలవీ ఉన్నాయని కాగ్ బయటపెట్టింది. మోటారు సైకిలు మీద మందను తోలిన ఘనత మనదే! డబ్బే ఇస్తే మోసం ఉండదని కాదు. అయితే ఏ జాతి గొర్రె తన నేలకు నిలుస్తుందో, ఏ నెలలో కొంటే బతుకుతుందో, అసలిప్పుడు గొర్రె కావాలో గడ్డి కావాలో కాపరికి తెలిసినంతగా టెండరు కాగితానికి తెలియదు.

ఇంకో సంగతి. మన దగ్గర 2018లో రైతుబంధు వచ్చింది. ఎకరానికింత అని నేరుగా ఖాతాలో పడింది. దానికి తాళంచెవి పట్టాదారు పాసుపుస్తకం. ఎకరమూ లేకుండా వంద గొర్రెల వెంట నడిచే మనిషికి ఆ పుస్తకం ఎక్కడిది? కెన్యా ఎడారిలో సెంటు నేల లేని ఇల్లాలి చేతికి కార్డెలా వచ్చిందంటే, అక్కడ అడిగింది 'నీకెంత భూమి ఉంది' అని కాదు కనక.

2023 మార్చిలో వానలు పడ్డాయి. మార్సబిట్ చుట్టూ నేల మళ్లీ పచ్చబడింది. మనం అనుకున్న కుటుంబం లాంటివి చాలా ఇళ్లు పాతిక మేకలతో కరువులోకి వెళ్లి ఏడో ఎనిమిదో మిగుల్చుకుని బయటపడ్డాయి. ఒక్కటీ మిగలని ఇళ్లూ ఉన్నాయి. ఫోరా నుంచి పెద్దకొడుకు తిరిగొస్తాడు. తల్లి టీ కాస్తుంటుంది, పాలు తక్కువ, చక్కెర ఎక్కువ. వాడు గుడిసెలోకి రాడు. ముందు దొడ్డిలోకి వెళ్లి మేకల్ని ఒక్కొక్కదాన్నీ తాకుతూ లెక్కపెడతాడు. ముఖం మీద తెల్లమచ్చ ఉన్నది ఉందా లేదా అని చూసుకుంటాడు. ఉంటే అప్పుడు లోపలికొచ్చి చెప్పులు విప్పుతాడు.